మగ్గం గుంత చుట్టూ మొక్కలు

బస్టాండులో నిలబడి ఏడ్చే మనిషిని కాను నేను. ఏడుపొస్తే ఎవరో ఒకరి మీద కేకలేస్తాను. మొన్న కరీంనగర్ బస్టాండులో తువ్వాలలు అమ్ముకునే ఒకాయన నన్ను గుర్తుపట్టి, "పంతులమ్మా, మా ఊళ్ళె మీరు కిరాయికున్న ఇంటామె పోయింది, ఎర్కనా? పదిదినాలు గూడ అయిపోయినయి" అన్నప్పుడు కూడా అదే పని చేశాను. "పోతె నాకొక కార్డుముక్క రాసేటోళ్ళు లేరా ఆ ఊళ్ళె?" అని ఆ అమాయకుడి మీద విరుచుకుపడ్డాను.

ఆయన భుజం మీది మూట సర్దుకుని, "ఎవలు రాస్తరమ్మా? ఆమెకు ఎవలున్నరు?" అన్నాడు.

"ఎట్ల పోయింది?"

"దగ్గుతోని. పెనిమిటి పోయినట్టే పోయింది."

బస్సెక్కి కూర్చున్నాక ఏడ్చాను. పక్క సీటులో ఉన్నామె నాకు కడుపులో తిప్పుతోందనుకుని పాపం నిమ్మకాయ ముక్క చేతిలో పెట్టింది. అదే చప్పరిస్తూ ఇల్లు చేరాను.

ఆమె పేరు నాకు తెలుసు, రాయను. ఆ ఊళ్ళో ఎవరైనా ఆమెను ఆ పేరుతో పిలవగా నేను వినలేదు. భర్త "ఏయ్, ఇటు రా" అనేవాడు. పిల్లలు లేరు కాబట్టి ఫలానావాళ్ళ అమ్మ అని పిలిచే వీలు కూడా లేకపోయింది. నేను అక్కా అన్నాను, ఆయన్ని బావా అన్నాను. ఆమె వయసులో నాకంటే ఇరవై ఏళ్ళు పెద్ద. ఇక్కడా అక్క అనే రాసుకుంటాను.

నా మొదటి ఉద్యోగం ఆ ఊళ్ళోనే. సుల్తానాబాదు దాటాక బస్సు దిగి కాసేపు నడిస్తే వచ్చే నేతగాళ్ళ ఊరు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి నాలుగైదేళ్ళయి ఉంటుంది. నేను చదువుకున్నది సగం ఉర్దూలో, చెప్పవలసింది మొత్తం తెలుగులో. అందులోనూ ఆ పాఠ్యపుస్తకాల తెలుగు నాకే కొరుకుడు పడేది కాదు. పిల్లల ముందర నోరు తడబడితే పరువు పోతుందని సాయంత్రంపూట అరుగు మీద కూర్చుని మరుసటి రోజు పాఠం గట్టిగా చదువుకునేదాన్ని. గోడకు అవతల అక్క రాట్నం ముందర కూర్చుని కండెలు చుట్టేది. మగ్గం మీద అటూ ఇటూ ఆడే నాడెలో పెట్టే చిన్న దారపు చుట్టలను కండెలంటారు. బావ నేసేవాడు, అక్క చుట్టి ఇచ్చేది. రాట్నం చప్పుడు ఆగిందంటే నా పాఠంలో ఆమెకు ఏదో నచ్చలేదన్నమాట.

"అబద్ధం!" అని గోడ అవతలి నుంచి కేక వచ్చేది.

మొదటిసారి నాకు ఒళ్ళు మండింది. సర్కారు వారి పుస్తకాన్ని అక్షరమ్ముక్క రాని మనిషి అబద్ధమంటుందా? తర్వాత తర్వాత ఆ కేక కోసమే ఎదురుచూసేదాన్ని. నా బళ్ళో నలభై మంది పిల్లలుండేవారు, ఒక్కరు కూడా అబద్ధం అనలేదు. చెప్పింది చెప్పినట్టు రాసుకునేవారు, మరిచిపోయేవారు.

"మనము విడుచు గాలిలో బొగ్గుపులుసు వాయువు ఉండును" అని ఒకనాడు చదివాను. రాట్నం ఆగింది.

"చింతపండు పులుసు ఎర్క, చాపల పులుసు ఎర్క. బొగ్గు పులుసేందే పంతులమ్మా? నా ముక్కులకెళ్ళి పులుసు కార్తదా?"

"గాలి అక్కా, కంటికి కనవడదు."

"కనవడంది నీ పుస్తకపోనికెట్ల కనవడ్డది?"

సున్నపు తేట నీళ్ళలోకి గొట్టంతో ఊదితే నీళ్ళు పాలలాగా తెల్లబడతాయని చెప్పాను. మర్నాడు నేను బడి నుంచి వచ్చేసరికి గిలాసలో తెల్లటి నీళ్ళు పెట్టుకుని గడపలో కూర్చుని ఉంది. బొప్పాయి ఆకు కాడను గొట్టం చేసుకుని మధ్యాహ్నమంతా ఊదిందట. "నిజమే చెప్పినవ్" అంది, ఏదో పరీక్షలో నేను గట్టెక్కినట్టు.

అన్నీ అట్లాగే చూసుకునేది. పెరట్లో బీరతీగ ఆకు మీద గాజు గిలాస బోర్లించి పెట్టి, లోపల నీటిచుక్కలు పట్టాక నన్ను చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. "సూడు, ఆకుకు చెమట వట్టింది. మనిషికి చెమట, ఆకుకు చెమట. మనిషికి ఊపిరి, ఆకుకు ఊపిరి. మరి ఆకుకు దగ్గొస్తదా?" అని అడిగింది. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. అప్పటికే బావకు దగ్గు మొదలై నెల దాటిందని నాకు తట్టలేదు.

ఇంకొకనాడు ప్రాణమున్న వాటి లక్షణాలు చదువుతున్నాను. కదులును, తినును, ఊపిరి పీల్చును, పెరుగును, మలినములను విసర్జించును, తన వంటి వాటిని పుట్టించును. రాట్నం ఆగింది గానీ కేక రాలేదు. కాసేపయ్యాక అక్కే వచ్చి అరుగు అంచున కూర్చుంది.

"ఆఖరుది నాకు లేదు పంతులమ్మా. మరి నేను బతికున్నట్టా కానట్టా?"

పుస్తకం మూసి, "పుస్తకంల అన్నీ ఉండయక్కా" అని ఏదో గొణిగాను.

"ఉండయి గద! అయితె ఒకటి రాసుకో. అలుగుడు. బతికున్నది అలుగుతది. నీళ్ళు పొయ్యకుంటె బీరతీగ అలుగుతది, కూరల ఉప్పెక్కువైతె మా ఆయన అలుగుతడు. సచ్చినది అలగది. గిది నీ పుస్తకపోనికి ఎర్కలేదు" అని లేచి పోయింది. మర్నాడు పిల్లలకు ఆ ఏడో లక్షణం కూడా చెప్పాను. ఆ ఒక్కటీ వాళ్ళు మరిచిపోలేదు.

బావ దగ్గు తగ్గలేదు. మనిషి సన్నబడ్డాడు. మధ్యాహ్నం అన్నం తిని మగ్గం పక్కనే చాప మీద ఒరిగితే అక్క అక్కడే కూర్చునేది. తలలో చిక్కుకున్న దూదిపింజ ఒకటి తీసి రెండు వేళ్ళతో ఆయన ముక్కు కింద పట్టేది. పింజ కదిలితే మళ్ళీ తలలో పెట్టుకుని పనికి పోయేది. ఇది దొంగతనంగా చేసేది. ఒకసారి ఆయన కళ్ళు తెరిచి, "ఇంక పాణం పోలే, పోయి కండెలు చుట్టు" అన్నాడు.

మిషన్ దవాఖానకు ముగ్గురం కలిసి పోయాం, చీటీ చదవడానికి నేను. డాక్టరమ్మ పరీక్ష చేసి టీబీ అంది. ఆలస్యమైందని ఆమె ముఖమే చెప్పింది. సూదిమందు రాసింది. కంచం, గిలాస వేరుగా పెట్టమంది. కొన్నాళ్ళు నేత మానెయ్యమంది. చివరికి అక్క వైపు తిరిగి, "మందుతోని సగమే. గాలి, వెల్తురు సగం. పండుకునే అర్ర కిటికీలు తీసి పెట్టాలె, ఎప్పుడు గూడ మూయొద్దు" అని రెండుసార్లు చెప్పింది. అక్క రెండుసార్లూ తలూపింది.

ఇంట్లో ఉన్నది ఒకటే పెద్ద గది, మగ్గం గది. పగలు అక్కడే నేత, రాత్రి అక్కడే పడక. నేతగాళ్ళ ఇళ్ళల్లో మగ్గం గదికి కిటికీ ఉంటుంది గానీ తెరవరు. పొడిగాలి తగిలితే మగ్గం మీది పోగులు పెళుసెక్కి పుటుక్కున తెగుతాయి. అందుకని కిటికీ మూసి, మగ్గం గుంతలో నీళ్ళు చల్లి, తలుపుకు తడిగోనె కడతారు. వెలుతురు కోసం పైకప్పులో పెంకుల మధ్య ఒక అద్దం బిళ్ళ ఉంటుంది. ఆ గదిలో తేమ వాసన, గంజి వాసన ఎప్పుడూ ఉండేవి.

దవాఖాన నుంచి వచ్చిన మర్నాడే అక్క కిటికీ తెరిచింది. మధ్యాహ్నానికి పదిహేను పోగులు తెగాయి. బావ నాడె పక్కన పెట్టి, లేచి వెళ్ళి కిటికీ మూశాడు. ఆమె తెరిచింది, ఆయన మూశాడు. మూడు రోజులు ఇదే లొల్లి. నాలుగోనాడు నన్ను పంచాయితీకి పిలిచింది.

"సెప్పు పంతులమ్మా, డాక్టరమ్మ ఏమన్నదో నువ్వు గూడ ఇన్నవ్ గద!"

"బావా, కొన్నాళ్ళు నేత బందు వెట్టరాదె" అన్నాను.

బావ మెత్తటి మనిషి. నా మీద కోపగించుకోలేదు. "బందు వెట్టి ఏం జేస్త బిడ్డా? గాలి నాకు మంచిదే, పోగుకు మంచిది గాదు. దగ్గుకుంటనన్న నేస్త గాని, తెగిన పోగును నెయ్యరాదు" అన్నాడు. ఆ రోజు నుంచి కిటికీ మూసే ఉంది.

ఆ వారమే నేను ఆకుల పాఠం చదివాను. ఎండ తగిలినప్పుడు ఆకులు మనం విడిచిన చెడుగాలిని పీల్చుకుని ప్రాణవాయువును బయటికి వదులుతాయని, మనుషులు బతికేది ఆ గాలితోనేనని. రాట్నం ఆగింది. అబద్ధం అన్న కేక రాలేదు. "మళ్ళొకపారి సదువు" అంది గోడ అవతలి నుంచి. చదివాను. ఇంకొకసారి చదవమంది. ఇంత శ్రద్ధగా పాఠం విన్న మనిషి నా జన్మలో లేదని పొంగిపోయాను.

మర్నాడు బడి నుంచి వచ్చి చూస్తే పెరట్లో ఒక్క మొక్క లేదు. పగిలిన కుండల్లో, పాత బొక్కెనల్లో పెంచుకున్న తులసి, బంతి, బచ్చలి, గోరింట, అన్నీ మగ్గం గదిలో ఉన్నాయి. గుంత చుట్టూ వరసగా పెట్టింది. వాడకట్టులో అడిగి తెచ్చినవి కూడా ఉన్నాయి, మొత్తం ఇరవైకి పైనే. అద్దం బిళ్ళలోంచి ఎండ వాటి మీద పడుతోంది. మధ్యలో గుంతలో కాళ్ళు పెట్టుకుని బావ నేస్తున్నాడు.

"డాక్టరమ్మ గాలి గావాలన్నది. ఈయన కిటికి తెర్వద్దన్నడు. ఇగ ఇద్దరి మాట నిలవడ్డది" అంది అక్క. ముఖం వెలిగిపోతోంది. "గాలి ఇంట్లనే తయారైతది. నువ్వే సెప్తివి గద! గా మంచి గాలి బయటికి పోకుంట కిటికి సందులల్ల గుడ్డపేలికలు గూడ కుక్కిన."

బావ నవ్వాడు. "సూస్తివా పంతులమ్మా, మీ అక్క నన్ను అడవిల గూసోవెట్టింది" అన్నాడు. దగ్గు మొదలయ్యాక ఆయన నవ్వడం అదే మొదటిసారి.

నాకు తెలుసు. ఇక్కడ దాచడానికి ఏమీ లేదు, నాకు బాగా తెలుసు. అదే పుస్తకంలో రెండు పేజీల తర్వాత ఉంది. వెలుతురు లేనప్పుడు ఆకులు కూడా మనలాగే ప్రాణవాయువు పీల్చుకుని బొగ్గుపులుసు వాయువు వదులుతాయని. అంతకంటే ముఖ్యమైనది, ఏ పుస్తకమూ అక్కరలేనిది, కిటికీ తెరవాలన్నది. మొక్కలుండనీ అక్కా, కిటికీ మాత్రం తెరువు, పోగులు తెగితే తెగనీ. ఇంతే చెప్పవలసింది. కానీ ఆ ముఖం చూసి చెప్పలేకపోయాను. బావ నవ్వు చూసి చెప్పలేకపోయాను. అసలు సంగతి ఇంకొకటుంది. నా మాట విని ఒక మనిషి ఇల్లంతా సర్దుకుంది. ఆ ఊళ్ళో నా చదువును అంత విలువగా చూసిన వాళ్ళు ఇంకెవరున్నారు? నాకు ఇరవై రెండేళ్ళు. ఆ గొప్ప వదులుకోబుద్ధి కాలేదు. రేపు చెప్దాంలే అనుకున్నాను.

ఆ రెండు పేజీల తర్వాతి పాఠం వచ్చిన సాయంత్రం మొదటిసారి మనసులో చదువుకున్నాను. రాట్నం కాసేపు తిరిగి ఆగింది.

"ఇయాల పాఠం లేదా పంతులమ్మా?"

"గొంతు పట్టేసిందక్కా, మాట వస్తలేదు."

కాసేపట్లో మిరియాల కషాయం కాచి గిలాసలో పోసి తెచ్చింది. నేను తాగేదాకా అరుగు మీదే నిలబడింది. "పైలం బిడ్డా, నీకు గొంతే గద ఆధారం" అంది. తాగాను. బడిలో మాత్రం మర్నాడు ఆ పాఠం పొల్లుపోకుండా చెప్పాను. బడికీ ఆ ఇంటికీ మధ్య రెండు వీధులు.

రేపు చెప్దాంలే అన్నది అట్లాగే జరుగుతూ పోయింది. అక్క రోజూ మొక్కలకు నీళ్ళు పోసేది, వాడిన ఆకు కనబడితే ఏరేసేది, అద్దం బిళ్ళ మసకబారితే నిచ్చెన వేసుకుని ఎక్కి తుడిచేది. ఎండ ఎటు జరిగితే కుండలను అటు జరిపేది. ఎండాకాలం పోయింది, వానలు పడ్డాయి. గాలిలో తేమ వచ్చింది కదా, ఇప్పుడు కిటికీ తెరిచినా పోగులు తెగవు. అప్పుడైనా అనవచ్చు. "మంచి గాలి పోతది" అంటుందని, ఎందుకు పోదో చెప్పాలంటే మొదటి నుంచీ చెప్పుకోవాల్సి వస్తుందని ఊరుకున్నాను. అప్పుడప్పుడు అక్క కూడా దగ్గేది. గంజి ఘాటు అనేది.

వానలు వెనకబట్టిన ఒకనాటి పొద్దున, నేను బడికి పోవడానికి జడ వేసుకుంటున్నాను. "పంతులమ్మా, జర ఇటు రా" అని పిలిచింది. గొంతు మామూలుగానే ఉంది. లోపలికి పోయాను. చాప మీద బావ. ఆయన ముక్కు కింద అక్క దూదిపింజ పట్టుకుని ఉంది.

"కదుల్తలేదు. నా చెయ్యి వణుకుతున్నట్టుంది, సక్కగ తెలుస్తలేదు. నువ్వు పట్టుకో" అంది.

పట్టుకున్నాను. ఆమె పక్కన మోకాళ్ళ మీద కూర్చుని నా వేళ్ళ వంకే చూస్తోంది. పింజ కదిలింది. "ఆఁ!" అంది అక్క. కదిలింది నా ఊపిరికే. నేను ముఖం పక్కకు తిప్పుకుని మళ్ళీ పట్టాను. ఎంతసేపు పట్టుకున్నా ఇంక కదల్లేదు. అప్పుడు ఆమె ఆయన భుజం పట్టుకుని, "అలిగినవా? నా మీద అలిగినవా? అలిగిన అని ఒక్క మాటన్న సెప్పు" అని ఊపింది. వాడకట్టు ఆడవాళ్ళు వచ్చి విడదీసేదాకా ఊపుతూనే ఉంది.

మూడోనాడు మొక్కలన్నీ మళ్ళీ పెరట్లో పెట్టారు ఎవరో. అక్క వాటి మధ్య కూర్చుని లెక్కపెట్టుకుంటోంది. నన్ను చూసి అడిగింది.

"తక్కువ వెట్టిన్నా పంతులమ్మా? ఇంకో పది వెడితె దక్కుతుండెనా?"

"లేదక్కా, నువ్వు చెయ్యాల్సింది మస్తు చేసినవ్" అన్నాను. ఆ ఏడాది చివరిలో నాకు నిర్మల్ వైపు బదిలీ అయింది. బదిలీ కాగితం చూసి నిమ్మళపడ్డాను, సిగ్గులేకుండా.

మళ్ళీ ఆమెను చూసింది పోయిన ఎండాకాలం. నా దగ్గర చదువుకున్న ఒక పిల్ల పెళ్ళికి ఆ ఊరు పోయాను. పోకూడదనుకుంటూనే ఆ వీధికి పోయాను. మగ్గం ఎవరికో ఇచ్చేసిందట, గుంత పూడ్చేసింది. కిటికీ రెక్కలు రెండూ ఊడబీకి ఉన్నాయి. అక్క కూలికి కండెలు చుడుతోంది. మెడ కింద ఎముకలు తేలి, మనిషి సగమైంది. మాటకూ మాటకూ మధ్య దగ్గు.

"దవాఖానకు పోయినవా అక్కా?"

"పోతున్న, సూదులు ఏపిచ్చుకుంటున్న. ఫికర్ జెయ్యకు" అంది. చాయ పెట్టి ఇచ్చింది. కాసేపు రాట్నం తిప్పింది. తర్వాత, నా వైపు చూడకుండా మాట్లాడింది.

"నీ అర్రల గిప్పుడు ఒక కొత్త పంతులమ్మ కిరాయికున్నది. గామె గూడ నీ లెక్కనే పైకి సదువుతది. మొన్న ఒక పాఠం సదివింది. చీకటి వడితె ఆకు గూడ మన లెక్కనే మంచి గాలి గుంజుకుంటదట. నిజమేనా?"

"నిజమేనక్కా."

"నీకు గప్పుడు ఎర్కనా?"

రాట్నం ఆగింది. ఇన్నేళ్ళుగా నేను తప్పించుకు తిరిగిన ప్రశ్న అది. తెలుసు అనాలి. తెలుసు, గొంతు పట్టేసిందని ఆ రోజు అబద్ధమాడాను, మొక్కల వల్ల ఆయనకు ఏమీ కాలేదు, కిటికీ మూసి ఉండడం మంచిది కాదని తెలిసీ చెప్పలేదు, నీ దగ్గు కూడా ఆ గదిలో పట్టుకున్నదే అనాలి. ఎముకలు తేలిన ఆ భుజాలు చూశాను.

"ఎర్కలేదక్కా" అన్నాను.

అక్క పెద్దగా ఊపిరి వదిలింది. రాట్నం పక్కకు జరిపి నా దగ్గరికి వచ్చి కూర్చుంది. కళ్ళనిండా నీళ్ళు.

"గదే అనుకున్న. ఎర్కుంటె సెప్పకుంట ఉంటవా నువ్వు? నాదే పాపపు బుద్ధి. గా పాఠం ఇన్నకాన్నుంచి నిన్ను అనుమానపడ్డ. ఎర్కుండి నా ఇల్లు ముంచిందని నోటికొచ్చినట్టు తిట్టుకున్న. రెండు దినాలు బువ్వ దినలే" అని నా గడ్డం పట్టుకుంది. "తప్పయింది చెల్లె. మనసుల వెట్టుకోకు."

"పెట్టుకోనక్కా" అన్నాను.

అట్లా ఆమెను క్షమించి వచ్చాను నేను.